ఉప్పు ఎక్కువైందని వంటింటికి తాళం

ముఖలింగం మాస్టారు వాదించే మనిషి కాదు. ప్రశ్న అడిగినవాణ్ణి కాసేపు ఇబ్బందిలో పెడితే జవాబు వాడి నోటి నుంచే వస్తుందని ఆయన నమ్మకం. సీతంపేట కొండల కింద ఆయన నడిపే వర్క్‌షాపులో శిష్యులు గూడేలకు వైఫై రౌటర్లు బిగించడం నేర్చుకుంటారు.

ఆ ఉదయం కూర్మారావు తెగించి అడిగాడు. "మాస్టారూ, కొత్త రౌటర్లను లోపల్నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌కి కంపెనీవాళ్లు తాళం వేసి పంపుతున్నారు. మనం ఒక్క అక్షరం మార్చలేం. ఎవడో సిగ్నల్ పవరు హద్దు దాటించి పక్కవాళ్ల రేడియో సిగ్నళ్లకు అడ్డం తగిలాడనే కదా ఈ తాళం. అందులో తప్పేముంది?"

అడగడానికేం, తేలికే. కంపెనీ సాఫ్ట్‌వేర్ జోరువానకు మొరాయిస్తుంది. మాస్టారు సరిదిద్దింది ఎక్కించాకే కొండపైన గొట్టిగూడలో వైద్యం చూసే నర్సమ్మకు వానాకాలంలోనూ కింద ఆసుపత్రి డాక్టరు గారు ఫోనులో దొరుకుతున్నారు. పవరు మాత్రం ఆయన చట్టం గీసిన గీత ఏనాడూ దాటించలేదు. ఆ గూడెంలో ఉన్న రౌటర్లు పిడుగుకు పోయాయి. కొత్తవి ఏవి తెప్పించాలో సాయంత్రంలోగా చెప్పాల్సింది కూర్మారావే.

మాస్టారు వంటింటి వైపు ఓసారి చూశారు.

అక్కడ రోజుకొకరు వండాలి. ముందురోజు వంతు కూర్మారావుది. పప్పులో ఉప్పు దిమ్మరించి అందరి చేతా చీవాట్లు తిన్నాడు. ఇవాళ మధ్యాహ్నం చూస్తే వంటింటికి తాళం, దాని ముందు కుర్చీ వేసుకుని మాస్టారు.

"ఇకమీదట భోజనం హోటల్ నుంచి వస్తుంది. ఉప్పు వాళ్లు సరిగ్గా వేస్తారు" అన్నారాయన.

క్యారేజీ వచ్చింది. ఉప్పు నిజంగానే సరిపోయింది గానీ పప్పు పాచిపోయింది. శిష్యులంతా కూర్మారావు వైపు కొరకొరా చూశారు. అతని కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"తాళంచెవి ఇవ్వండి మాస్టారూ, ఇంత చారైనా కాచుకుంటాం."

"కుదరదు. నీ చేతికి ఉప్పు లెక్క తెలీదు."

కూర్మారావుకు ఒళ్లు మండిపోయింది. గురువుగారని కూడా చూడలేదు. "ఉప్పెక్కువ వేశాను, ఒప్పుకున్నాను. ఉప్పు జాడీ దాచుకోండి, నన్ను వంటకి దూరంగా పెట్టండి. పాచిపోయిందని కళ్లెదుట కనిపిస్తుంటే, బాగుచేసుకోనివ్వకుండా పొయ్యికే తాళం వేస్తారా? ఇదెక్కడి న్యాయం? ఇవ్వకపోతే గడియ ఊడబీకుతాను."

అనేశాక తన మాటలు తనకే వినబడ్డాయి. నాలుక కరుచుకోబోయి ఆగిపోయాడు. వానలో ఫోను పట్టుకుని నిలబడ్డ నర్సమ్మ మనసులో మెదిలింది. మాస్టారు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"ఆ తాళాల రౌటర్లు మనకొద్దని ఇప్పుడే చెప్పేస్తాను మాస్టారూ" అన్నాడు. "సాఫ్ట్‌వేర్ మార్చుకోనిచ్చేవి ఎక్కడో దొరక్కపోవు. దొరక్కపోతే కంపెనీతోనే తేల్చుకుందాం."

మాస్టారు కుర్చీ పక్కకు జరుపుకున్నారు. "ముందు వండుకుని తిను. కడుపు నిండిందని ఆ కోపం మాత్రం చల్లారనివ్వకు" అన్నారు.