కొండమ్మ అద్దె బొరియకు చలికాలపు మరమ్మతు

కొండవాలున సామచేను పక్కన ముళ్లపంది కొండమ్మకు రెండు బొరియలున్నాయి. ఒకదాంట్లో తనుంటుంది, రెండోది అద్దెకిస్తుంది. ఆ ఏడు మంచు ముందే దిగింది. ఒక ఉదయం కుందేలు నూకాలు తన పసిపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోయిన చలికి ఒక పిల్ల నా ఒళ్లోనే బిగుసుకుపోయింది వదినా. ఈసారి మంచి ఇల్లు కావాలి."

"నా ఇంట్లో అలా జరగదు," అంది కొండమ్మ. "రెండో బొరియ బాగయ్యేవరకూ నాతోనే ఉండండి. చలికి తగ్గట్టు బాగుచేశాకే ఇల్లు అప్పగిస్తాను."

అన్నదే తడవు పనిలోకి దిగింది. తడిమట్టి గోకి పారేసింది. గోడల పగుళ్లకు బంకమన్ను మెత్తింది. లోపలిగది నిండా ఎండుగడ్డి పరిచింది. ఎంత చేసినా వెనకదారిలోంచి చలిగాలి రివ్వున కొడుతూనే ఉంది. గడ్డి కుక్కితే ఎగిరిపోయింది, మట్టి పోస్తే జారిపోయింది. కొండమ్మ మూతి బిగించి మళ్లీ మట్టి తెచ్చింది.

ఇదంతా పొదచాటు నుంచి చూస్తున్న నక్క గవర్రాజు తీరిగ్గా దగ్గరికొచ్చాడు. "ఏటక్కా, ఈ వయసులో నీకేటీ పాట్లు? ఆ దారికి బండరాయి పెట్టి మెత్తేస్తే గాలి చచ్చినట్టు ఆగుతాది. నాను పెడతాను."

"మరి కూలి?"

"ఇరుగూపొరుగూ అన్నాక కూలేటక్కా. ఇంతకీ కాపురం ఎప్పుడు దిగుతారు?"

"పనైన సాయంత్రమే దిగిపోతాను బాబూ," అంది నూకాలు సంబరంగా.

నక్క ఊరికే పనిచేస్తానంటే కొండమ్మ అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. పట్టుదల మనుషులకే కాదు, ముళ్లపందులకూ కళ్లకు గంతలు కడుతుంది. గాలి ఆపాలన్న ఒక్క ధ్యాసలో, వెనకదారి ఎందుకుంటుందో కూడా మర్చిపోయింది. గవర్రాజు పెద్ద బండ దొర్లించుకొచ్చి, సందుల్లో మట్టి దట్టించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం కాగానే కొత్తింటికి బయల్దేరదామని నూకాలు పిల్లల్ని లేపబోయింది. కొండమ్మ అడ్డం నిలబడింది. "ఇవాళ కాదు. బాగుచేసిన ఇంట్లో ముందుగా ఇంటివాళ్లు ఒక రాత్రి పడుకోవాలి. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అంతే."

"ఎందుకొదినా ఈ శ్రమ? ఇల్లు వెచ్చగానే ఉంది కదా."

"ఉందో లేదో నేను చెప్పాలి. నువ్వు నా ఇంట్లో పడుకో."

ఈ ఆచారం గవర్రాజుకు తెలియదు. ఎవరో తవ్విన గోతుల్లో దూరి బతికేవాడికి ఎలా తెలుస్తుంది? చలి ఎక్కువగా తగిలేది గుమ్మం పక్క మూలలో కాబట్టి కొండమ్మ అక్కడే ముడుచుకుని పడుకుంది.

తెల్లారకముందే పొగమంచు చాటున గవర్రాజు లోపలికి పాకాడు. మూలను చూడలేదు. తిన్నగా లోపలిగదిలోకి వెళ్లి గడ్డిని కెలికాడు. ఆ అలికిడికి కొండమ్మ లేచింది. వాసన చూడగానే ఆమెకు విషయమంతా అర్థమైంది. ఆ గడ్డిలో పిల్లలుంటే? పారిపోవడానికి దారేది? తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. గిర్రున తిరిగి ముళ్లు విప్పి, గుమ్మం దారికి అడ్డంగా నిలబడింది.

"ఎవురది?" అన్నాడు నక్క.

"ఇంటిదాన్ని. పొద్దున్నే వచ్చావేం, గవర్రాజూ?"

"గాలి ఆగిందో లేదో సూద్దామని అక్కా. కాస్త పక్కకు జరుగు, వెళ్తాను."

"జరగను. వచ్చిన పని చూసుకుని వెనకనుంచి వెళ్లు."

గవర్రాజు ఒకసారి తోసి చూశాడు. మూతిలో ముల్లు దిగింది. కుయ్యోమంటూ వెనక్కి పరిగెత్తి తను మెత్తిన మట్టినే గోకడం మొదలుపెట్టాడు. పని గట్టిగానే చేశాడు పాపం, అంత తేలిగ్గా ఊడలేదు.

"గోడలు జాగ్రత్త మేస్త్రీ," అంది కొండమ్మ. "నూకాలు వచ్చేసరికి ఆ దారి శుభ్రంగా ఉండాలి. దానికి చీపురుగడ్డి తడిక కడతాను. గాలీ ఆగుతుంది, పిల్లలు నెట్టుకుని బయటకూ పోగలరు."

ఎండ బాగా ఎక్కాక బండ దొర్లింది. గోళ్లు విరిగి, మూతి వాచి, మట్టి కొట్టుకుపోయిన గవర్రాజు ఆ కన్నంలోంచి బయటపడి, వెనక్కి చూడకుండా కొండ దిగాడు.

ఇంకొకరి పిల్లలు పడుకోబోయే ఇంట్లో, ముందు మనం పడుకుని చూడాలి.