తిప్పక్క చేను ఫొటో

ఉన్నది ఉన్నట్టు తీసిన ఫొటో అబద్ధం ఎలా అవుతుందని శిష్యుడు వన్నూరప్ప గురువుగారిని నిలదీశాడు. నిలదీశాడనే అనాలి. ఏదైనా తెలుసుకుందామని వచ్చినవాడు స్టూడియో గడప దగ్గర చెప్పులు విడుస్తాడు. ఇతను వాటితోనే లోపలికి వచ్చాడు.

గురువుగారు హుసేన్ పీరా నలభై ఏళ్లుగా నలుపు తెలుపు ఫొటోలే తీస్తున్నారు. అనంతపురం జిల్లా మెట్టభూములు, గుండ్ల కొండలు, నీళ్లు మరిచిపోయిన వంకలు ఆయనకు కొట్టిన పిండి. ఆ విద్య కోసమే వన్నూరప్ప మూడేళ్లుగా ఆయన్ను పట్టుకుని ఉన్నాడు. నెల కిందట అతను తీసిన ఫొటో ఒకటి పత్రికలో పడింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఒక చేను, గట్టు మీద ఎండిన తుమ్మచెట్టు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకటే బూడిద రంగు. కింద 'మోడువారిన నేల' అని పేరు. చూసినవాళ్లంతా భుజం తట్టారు. గురువుగారు మాత్రం, ఇది తిప్పక్క చేను కదా, ఎందుకప్పా అబద్ధం చెప్పినావు అన్నారు. వన్నూరప్పకు ఒళ్లు మండిపోయింది. చెట్టు తను తెచ్చి నాటలేదు, ఎండ తను కాయించలేదు. మూడేళ్ల చాకిరీకి దక్కిన మర్యాద ఇదేనా అనుకున్నాడు.

హుసేన్ పీరా వాదనకు దిగలేదు. బయట బల్ల మీద కూర్చున్న తిప్పక్కను లోపలికి పిలిచి, నువ్వు వచ్చిన పని ఇతనికి చెప్పమ్మా అన్నారు.

ఆమె పైట చెంగులోంచి మడతలు పడిన ఆ పత్రిక తీసింది. ఆ నాలుగెకరాలు ఆమెవి కావు, కౌలువి. భూమి ఆసామి బళ్లారిలో ఉంటాడు. పత్రికలో తన చేను గుర్తుపట్టి, అదునులో విత్తనం వేయకుండా బీడు పెట్టావని కబురు పంపాడు. వచ్చే ఉగాదికి చేను వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. ఆమె బస్సెక్కి పోయి పైరు పచ్చగా ఉందని మొత్తుకుంటే, ఫొటో అబద్ధం చెబుతుందా అని ఈ కాగితమే ముఖం మీద పెట్టాడు.

"నా కండ్లకు అగుపడే పైరు నీ పెట్టెకు అగుపడకపోతే నాది బీడా నాయనా?" అంది తిప్పక్క. "ఆ పొద్దు మొలకలు తొక్కకుండా కిందికి చూసుకుంటా నడిచినావే."

ఆ రోజుకు వేరుశనగ మొలిచి పదకొండు రోజులు. ఎర్రమట్టి, పచ్చటి ఆకు నలుపు తెలుపు ఫిల్ములో ఒకే బూడిద రంగుకు దిగిపోతాయి. లెన్సు ముందు ఎర్ర గ్లాసు బిగిస్తే మట్టి తెల్లబడి ఆకు నల్లగా తేలుతుంది. పనిలో చేరిన మొదటి నెలలోనే నేర్చుకునే సంగతి ఇది. గ్లాసు ఆ రోజు వన్నూరప్ప సంచిలోనే ఉంది. బొమ్మ కడిగినప్పుడు ఆకు మాయమై ఉంటే అయ్యో అనలేదు, పొంగిపోయాడు. పేరు కూడా తనే పెట్టాడు. ఎవరి చేను ఎండిందని చెప్పి పేరు తెచ్చుకుంటున్నాడో ఆ మనిషిని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఆమె బిందెలో నీళ్లు తాగి మరీ వచ్చాడు. చేతిలో కెమెరా ఉన్నంత మాత్రాన ఎవరి బతుకునైనా బీడని రాసేయొచ్చనుకునే ఇలాంటివాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

హుసేన్ పీరా కెమెరా సంచి అతని భుజానికి తగిలించి ఇద్దరినీ బయల్దేరదీశారు. చేనులో మునుపు నిలబడ్డ చోటే నిలబెట్టి, ఎర్ర గ్లాసు బిగించి తీయమన్నారు. నెలన్నర పైరు పూత మీద ఉంది. స్టాండు కాళ్ల కింద పడకుండా తిప్పక్క కొమ్మలను చేత్తో పక్కకు ఒత్తి పట్టుకుంది. మర్నాడు పొద్దున ప్రింటు తయారైంది. తెల్లటి నేల మీద సాళ్లన్నీ నల్లగా, లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. అది తీసుకుని పదింటి బళ్లారి బస్సుకు పోవాలని తిప్పక్క గడప దగ్గర నిలబడింది.

వన్నూరప్ప ప్రింటు ఆమెకు ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, మన మట్టి ఎరుపు కదా. ఇందులో సున్నం కొట్టినట్టుంది," అన్నాడు. "దీన్ని ఉన్నది ఉన్నట్టు తీసినామని ఎట్ల చెప్పేది?"

హుసేన్ పీరా ఆ ప్రింటు అతని చేతిలోంచి తీసుకున్నారు. అట్టల మధ్య పెట్టి, దారంతో కట్టి తిప్పక్కకు ఇచ్చారు. బస్సు తప్పిపోతుంది, పొమ్మన్నారు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి శిష్యుడి వైపు తిరిగారు.

"మంచి ప్రశ్నే అప్పా. మొదటి ఫొటోకు రాలేదు, రెండోదానికి వచ్చింది."