తవిటేసు గొంతుకి బీట

కుమ్మరి గవరయ్య ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురు. గవరయ్య, పెళ్ళాం అచ్చియ్యమ్మ, తమ్ముడు ఎర్రయ్య. ఊళ్ళో తెలివి పంచిపెట్టిన రోజున పెద్ద వాటా తమ ఇంటికే వచ్చిందని ముగ్గురి నమ్మకం. కాదని ఎవరూ అనలేదు. వాళ్ళతో వాదనకి దిగినవాడు భోజనం వేళకి ఇల్లు చేరడు మరి.

"మనల్ని ఎవుడూ మోసం సెయ్యలేడు. వేలుతో ఒక్కటి కొట్టామంటే లోపలున్నదంతా బయటపడిపోద్ది" అనేవాడు గవరయ్య. ఖణేల్మంటే మంచి కుండ. గరగరమంటే బీటేసింది, పెంకులగుట్ట మీదికి విసిరెయ్యాల్సిందే. పెళ్ళిచూపుల్లో అచ్చియ్యమ్మ నెత్తి మీద కూడా ఇలాగే కొట్టి చూశాడు. తను ఖణేల్మన్నానని ఆవిడ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు తవిటేసు ఎనిమిదో తరగతి. ఓ పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, గంజి ఎట్టు" అన్నాడు. 'అమ్మా' పిచ్చుక గొంతుతో వచ్చింది. 'గంజి ఎట్టు' దున్నపోతు గొంతుతో వచ్చింది. అచ్చియ్యమ్మ గరిటె వదిలేసి మొగుణ్ణి కేకేసింది.

"ఏటయ్యా, ఇలారా. గుంటడు గరగరమంటన్నాడు."

ఇంకేముంది, గవరయ్య పరుగున వచ్చి కొడుకు వీపు మీద వేలితో కొట్టాడు. "ఏదీ, మళ్ళీ అను."

"ఏటనాలి నాన్నా?" అన్నాడు వాడు, సగం సన్నగా సగం బొంగురుగా.

"బీటేసీసింది" అని గవరయ్య కూలబడ్డాడు.

బీట ఎక్కడుందో కనిపెట్టడం కుమ్మరికి కష్టం కాదు. నీళ్ళు పోసి ఎక్కణ్ణుంచి కారుతాయో చూడడమే. వాణ్ణి ఎండలో అరుగు మీద కూర్చోబెట్టి చెంబు మీద చెంబు తాగించారు. ఎండకి కొంత, భయానికి కొంత, వాడికి చెమటలు పట్టాయి. "ఒక్క సోట కాదయ్యా, ఒళ్ళంతా కారిపోతన్నాడు" అని అచ్చియ్యమ్మ లబలబలాడింది. అంతే, ఎర్రయ్య తొట్టెడు బంకమట్టి కలిపి తెచ్చి వాడికి నెత్తి నుంచి మడమల దాకా మెత్తేశాడు. బుగ్గల మీద మొటిమలున్న చోట ఇంకాస్త దట్టంగా మెత్తాడు.

పచ్చిమట్టి మెత్తాక చెయ్యాల్సిందేమిటో ఆ ఇంట్లో ఒకరు చెప్పక్కర్లేదు.

"మరి ఆవంలో ఎట్టీదామా?" అన్నాడు ఎర్రయ్య, కుండలు కాల్చే ఆ బట్టీకి కట్టెలు సర్దుతూ.

తవిటేసు మట్టితో సహా లేచి పరుగందుకున్నాడు. వాడి భయం ఆ ఒక్క ఆవం గురించే కాదు. కొన్నాళ్ళుగా వాడి ఒంట్లో ఏవేవో మారుతున్నాయి. పెదవి మీద నూగు వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేని మార్పులు మరికొన్ని ఉన్నాయి. తను నిజంగానే ఎక్కడో పగిలిపోయాననే వాడూ అనుకుంటున్నాడు, పాపం. పగిలినవాటిని నాన్న ఏం చేస్తాడో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడే.

పరుగు సర్కారు ఆసుపత్రిలో ఆగింది. డాక్టరు సుదర్శనంగారు ముందు మట్టి కడిగించారు. తరవాత తలుపు దగ్గరికి వేసి, వాడు చెప్పుకోలేనివన్నీ ఓపిగ్గా చెప్పించుకున్నారు.

"ఇందులో ఒక్కటి కూడా రోగం కాదురా అబ్బాయ్. నువ్వు పెద్దవాడివి అవుతున్నావు. గొంతు, మీసం, చెమట, పైకి కనిపించేవీ కనిపించనివీ, అన్నీ మారతాయి. నాకూ మారాయి. నీ వయసులో నేనూ ఇలాగే హడలిపోయాను."

"నేను పగల్లేదా అండీ?"

"ఎక్కడా పగల్లేదు. నిక్షేపంగా ఉన్నావు."

వాడు గట్టిగా ఏడ్చేశాడు. ఆ ఏడుపు కూడా రెండు గొంతులతో వచ్చింది. ఈసారి వాడు సిగ్గుపడలేదు.

అంతలో ముగ్గురు పెద్దవాళ్ళూ రొప్పుతూ వచ్చారు. డాక్టరుగారు వాళ్ళకి అర్థమయ్యే భాషలోనే చెబుదామనుకున్నారు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

"గరగరమంటే జబ్బు కాదు గవరయ్యా. ఆరోగ్యంగా ఎదుగుతున్నట్టు లెక్క."

"మరి ఖణేల్మంటే?"

"ఇంకా టైం రాలేదన్నమాట. కొందరికి ఆలస్యంగా వస్తుంది. అనుమానమైతే నా దగ్గరికి తీసుకురండి. ఇంట్లో సొంత వైద్యాలు మాత్రం చెయ్యకండి."

ఇంటికి వస్తూనే గవరయ్య పెంకులగుట్ట ముందు సాష్టాంగపడ్డాడు. "ఆరోగ్యంగా ఉన్నోళ్ళని ఇసిరేశాను, నా తల్లుల్లారా" అని ఏడుస్తూ, బీటేసిన కుండలన్నీ ఏరి నడింట్లోకి చేర్చాడు. అచ్చియ్యమ్మ కొడుక్కి తాగించినట్టే వాటి నిండా నీళ్ళు పోసింది. ఇల్లు చెరువైపోయింది.

"కారిపోతన్నాయయ్యా."

"సెమటే. ఎదుగుతన్నాయి" అన్నాడు గవరయ్య ఆనందంగా.

తరవాత అమ్మకానికి పెట్టిన మంచి కుండలన్నీ వరసగా కొట్టి చూశాడు. ఒక్కటీ గరగరమనలేదు. "అయ్యో, ఒక్కదానికీ టైం రాలేదన్నయ్యా" అన్నాడు ఎర్రయ్య, ఎప్పుడూ మాట్లాడే కీచుగొంతుతోనే. అంతే, అందరూ తిరిగి వాడి వైపు చూశారు. జుట్టు నెరుస్తున్నా వాడి గొంతు సన్నంగానే ఉంది. ఎర్రయ్య తన మెడ తడుముకుని బావురుమన్నాడు.

మర్నాడు పొద్దున్న డాక్టరుగారు ఆసుపత్రికి వచ్చేసరికి వరండాలో కాలు పెట్టే చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి బానలు, కుండలు, కూజాలు, ముంతలు. అన్నిటికంటే ముందు, మోకాళ్ళు ముడుచుకుని ఎర్రయ్య.

"సొంత వైద్యం సెయ్యొద్దన్నారు కదండీ, అందుకని అందర్నీ తెచ్చేశాం" అన్నాడు గవరయ్య చేతులు జోడించి.

డాక్టరుగారు మెట్టు మీద కూర్చుండిపోయారు. కానీ రోగులకి ధైర్యం చెప్పడానికి ఆయనతో పనిలేకపోయింది. తవిటేసు అప్పటికే ఆ వరస వెంట నడుస్తూ, ముందు చిన్నాన్న భుజాన్నీ, ఆ తరవాత ఒక్కో కుండనీ ప్రేమగా నిమురుతూ, ఆ రెండు గొంతులతోనే వీధంతా వినపడేలా చెబుతున్నాడు.

"బెంగెట్టుకోకండి. మీరెవరూ పగల్లేదు. కొందరికి ఆలస్యంగా వస్తాది."