బట్టీలో వేసిన మొలతాళ్లు

బైరాగయ్య గారు ప్రశ్న వేసిన రోజునే జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగింది విని, చేతిలో ఉన్న కొబ్బరి పీచు తాడు మరో జానెడు పేని, ఫలానా వాళ్లింటికి వెళ్లిరా అని పంపేవారు. వెళ్లివచ్చినవాడు అదే ప్రశ్న మళ్లీ అడగడం అరుదు. ముత్యాలరేవులో ఆయన దగ్గర తత్వం చెప్పించుకునేవాళ్లు పదిమందికి మించరు. వాళ్లు నేర్చుకునేది తాళ్లు పేనడమేనని మిగతా ఊరికి గట్టి అనుమానం.

ఆ పదిమందిలో సుదర్శనం ఒకడు. నలభై మూడేళ్ల బడిపంతులు, ముత్యాల్లాంటి దస్తూరీ. వాళ్లింటి నడవ గోడకు ఎనిమిది తరాల వంశవృక్షం పటం కట్టి వేలాడుతూ ఉంటుంది. పెళ్లికి పిలిచినా, పేరంటానికి పిలిచినా ఆ ఎనిమిది పేర్లూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలడు. తొమ్మిదో తరం వాళ్లు ఆకాశం నుంచి ఊడిపడ్డారా అని ఎవరూ అడగలేదు గాని, అడిగి ఉంటే బాగా నొచ్చుకునేవాడు. మనిషి మాత్రం చెడ్డవాడు కాడు.

ఆ ఏడు ఊరి వెనక మిట్ట మీద నూట ఎనభై ఇళ్లస్థలాలు మంజూరయ్యాయి. ఉప్పెన వస్తే నీళ్లెక్కని చోటు ఆ ఊరికి అదొక్కటే. పల్లంలో ఉన్న గుడిసెలు చూస్తే మూడువందల పైచిలుకు. పెద్దలు కూర్చుని, ముందు ఊరివాళ్లకు ఇద్దాం, మిగిలితే బయటినుంచి వచ్చినవాళ్లకు ఇద్దాం అని తీర్మానించారు. మూడు తరాలుగా ఇక్కడున్నట్టు రుజువు చూపించినవాడు ఊరివాడు, చూపించలేనివాడు వచ్చినవాడు. జాబితా రాసే పని, దస్తూరీ బాగుందని, సుదర్శనం నెత్తిన పడింది.

నెల రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. ఊరు చిన్నదే గాని అందులో లేని జనం లేరు. పల్లెకారులు తాతలనాటి పడవ తెడ్లు తెచ్చి చూపించారు. పడవలు కట్టే సాయిబులు మసీదు గోడలో ఉన్న రాయి చదివించారు. బర్మా నుంచి కాలినడకన తిరిగొచ్చినవాళ్ల పిల్లలు, తాపీ పనికొచ్చి ఉండిపోయిన ఒడియావాళ్లు, దీపస్తంభం కట్టడానికొచ్చి ఇక్కడే పిల్లనిచ్చి పుచ్చుకున్న అరవవాళ్లు, అందరూ ఆ పుస్తకంలోకి ఎక్కారు. ఒకప్పుడు డచ్చివాళ్లుండిన వలందుల వీధిలో పిల్లికళ్ల కుటుంబాలు నాలుగున్నాయి. వాళ్ల ముత్తాత ఓడ దిగేసరికి ఈ ఊళ్లో ఉన్నవి మూడిళ్లేనని వాళ్లు అచ్చ తెలుగులో దెబ్బలాడారు. సుదర్శనం ఎవరినీ విసుక్కోకుండా, అందరినీ ఒకే మాట అడిగాడు: మీరెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు? కొందరు నవ్వారు, కొందరు మొహాన తలుపేశారు, ఒక ముసలాయన ఏడ్చాడు. అన్నీ తీసుకెళ్లి గళ్లలో పెట్టాడు.

చివరికి చెంచమ్మ పేరు దగ్గర కలం ఆగింది. కాలవ ఒడ్డున గుడిసె వేసుకుని, గుల్ల ఏరి సున్నం కాల్చి బతికే యానాది మనిషి. డెబ్భై ఏళ్లు దాటాయి. కాగితమన్నది లేదు, తాత పేరు చెప్పే సాక్షి లేడు. వచ్చినవాళ్ల గడిలో వేస్తే ఆమెకు మిట్ట మీద చోటు ఉండదు. మళ్లీ సముద్రం పొంగితే మొదట పోయే గుడిసె ఆమెదే. రాయడానికి చేయి రాలేదు, రాయకుండా వదలడానికి నియమం ఒప్పుకోలేదు. మర్నాటికి జాబితా ఇవ్వాలి. పొద్దున్నే పుస్తకం చంకన పెట్టుకుని గురువు దగ్గరికి వెళ్లి, ఒక మనిషిని ఈ ఊరివాడని ఎప్పుడనాలి అని అడిగాడు.

తాడు పేనుతున్న చేతులు ఆగిపోయాయి. అంతకుముందు అవి అలా ఆగగా సుదర్శనం చూడలేదు.

"చెంచమ్మ దగ్గరికే వెళ్లు నాయనా," అన్నారు బైరాగయ్య గారు. "ఉప్పెన మర్నాడు సున్నపు బట్టీ దగ్గర ఏం చేసిందో అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకురా."

ఆమె గుడిసె ముందు కూర్చుని తట్టలో గుల్ల జల్లిస్తోంది. పంతులయ్య వచ్చాడని పీట వేసింది. అతను బట్టీ సంగతి అడిగాడు. ఎవరు పంపారని అడిగి, పేరు విన్నాక, సరే రాసుకోండి అంది.

నలభై మూడేళ్ల కిందటి మాట. అప్పట్లో బట్టీ మిట్ట మీద, ఇప్పుడు స్థలాలు కొలుస్తున్న చోటే ఉండేది. ఊరంతా మునిగినా అక్కడికి నీళ్లెక్కలేదు, లోపలి నిప్పు ఆరలేదు, ఇటుకలు వెచ్చగానే ఉన్నాయి. తెల్లవారాక ముళ్లకంపల్లోంచి, కొట్టుకొచ్చిన ఇంటికప్పుల మీంచి దొరికిన పసిగుడ్లను తెచ్చి ఆ వెచ్చదనానికి బట్టీ చుట్టూ పడుకోబెట్టారు. ఇరవై ఆరుగురు. ఏ ఒక్కరికీ పేరు చెప్పే వయసు లేదు, ఎవరి కన్నవాళ్లూ మిగల్లేదు. కాసేపటికి బిడ్డల్ని పోగొట్టుకున్న జనం వెతుక్కుంటూ వచ్చారు. తల్లులు పాలు చేపుకొచ్చి రవికెలు తడిసిపోతూ నిలబడ్డారు. కాని ఎవరు వంగినా ముందు బిడ్డ నడుమే చూశారు. ఆ ఊళ్లో ఏ బిడ్డ ఏ జనానిదో మొలకు కట్టింది చెబుతుంది. నల్ల మొలతాడు కొందరిది, వెండి మొలతాడు కొందరిది, తాయెత్తు, సిలువ, పూసల పేరు, పులిగోరు, ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. తమది కాని గుర్తు కనబడగానే ఎత్తుకున్న బిడ్డను మళ్లీ అక్కడే పడుకోబెట్టి పక్కకు జరిగారు. తిట్టినవాళ్లు లేరు, కాదన్నవాళ్లు లేరు. మాది కాదమ్మా అని మెల్లగా చెప్పి వెళ్లారు. మధ్యాహ్నమయ్యేసరికి ఇద్దరు బిడ్డలు పాలు లేక ప్రాణం వదిలారు.

సుదర్శనం కలం ఆగింది. ఇద్దరా అని అడిగాడు. ఇద్దరే అంది ఆమె.

"ఇంక నా వల్ల కాలేదు పంతులయ్యా. కత్తి తీసుకుని అందరి మొలలకూ ఉన్నవి కోసి బట్టీలో పడేశా. వెండి కూడా. ఇప్పుడు చెప్పండి ఎవరి బిడ్డలో అని అడిగా."

కొట్టడానికి మీదికొచ్చినవాళ్లున్నారట. కాని దీపాలు పెట్టేలోపు ఒక్క బిడ్డ మిగల్లేదు. ఇరవై నలుగురూ ఎవరి ఒళ్లోకో వెళ్లిపోయారు. ఎవరు ఎవరిని తీసుకున్నదీ బయటపెట్టకూడదని అక్కడున్నవాళ్లు ఒట్టు పెట్టుకున్నారు. అక్కడ నిలబడ్డవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఇద్దరమే అంది.

సుదర్శనానికి పని అలవాటు పోలేదు. ఆ ఇరవై నలుగురూ ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగాడు. వాళ్లను ఏ గడిలో వెయ్యాలా అన్న ఆలోచన కూడా వచ్చిందని తరవాత తనే సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. చెంచమ్మ తట్ట కింద పెట్టింది. అంతదాకా 'మీరు' అంటున్న మనిషి 'నువ్వు'లోకి దిగింది.

"ఊళ్లోనే ఉన్నారు. ఒకడు నా ఎదురుగా కూర్చుని రాసుకుంటున్నాడు."

అతనికి మాట అర్థమైంది గాని తల అందుకోలేదు. మీ నాయన పట్నం నుంచి వచ్చేలోపే మీ అమ్మ తన బిడ్డ పోయిన పొత్తిళ్లలో నిన్ను వేసుకుంది, ఆయనకు చచ్చేదాకా తెలీదు అంది చెంచమ్మ. పోయేదాకా ఏటా ఒక చీర పంపింది మహాతల్లి అని దణ్ణం పెట్టింది. ఆ చీరలు సుదర్శనానికి తెలుసు. అమ్మది దానగుణమని పదిమందికీ చెప్పుకున్నాడు.   ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకంలో ఊరివాళ్లు అన్న మాట కింద మొదటి పేరు తనదే.

"నీ మొలకు ఏముందో నాకు బాగా గుర్తుంది," అంది చెంచమ్మ. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఊరందరినీ అడిగావంట గదయ్యా, మీరెవరని. నువ్వూ అడుగు. చెబుతా."

అడుగుదామనే నోరు తెరిచాడు. నెల రోజుల్లో మూడువందల పైచిలుకు గడపల దగ్గర తడబడకుండా అడిగిన మాట అది. అడగలేకపోయాడు. భయం వేసింది, ఆమె ఏం చెబుతుందోనని కాదు, ఏదో ఒకటి చెబితే దాన్ని పట్టుకుని బతకాల్సి వస్తుందని. చెంచమ్మ మళ్లీ తట్ట అందుకుంది.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బైరాగయ్య గారు వాకిట్లోనే ఉన్నారు. నీ సంగతి అడిగావా అన్నారు. లేదన్నాడు సుదర్శనం. కూర్చుని, పుస్తకం తీసి, ఊరివాళ్లు, వచ్చినవాళ్లు అన్న రెండు గళ్ల మీదా ప్రతి పుటలోనూ అడ్డంగా గీత కొట్టాడు. అది పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఉత్త పేర్లు మిగిలాయి. మిట్ట మీద చోటుకు చీట్లు వేయండి, లేదా గుడిసె ఎంత పల్లంలో ఉందో చూసి ఇవ్వండి, ఈ జాబితా మాత్రం ఇంతే అని చెబుతానన్నాడు. 

పెద్దలు ఊరుకోరు. ఎందుకు కొట్టేశావని నిలదీస్తారు. ఒట్టు పెట్టుకున్న బిడ్డల సంగతి బయటపెట్టలేడు, అబద్ధం చెప్పలేడు. వాళ్లకేం చెప్పమంటారని గురువుని అడిగాడు.

బైరాగయ్య గారు అతని మొహంలోకి చూడలేదు. ప్రశ్న వేసిన రోజునే ఆయన జవాబు చెప్పడం అదే మొదలు.

"బైరాగయ్య ఆ రోజు ఒక బిడ్డను ఎత్తుకుని, మొలతాడు చూసి, దించాడని చెప్పు. పోయిన ఇద్దరిలో వాడొకడు."