ఏరు దాటిన దండు

"మొదట్లోనే చెడిపోయిన ఆటని చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టుకుంటే తప్పేమిటండీ మాస్టారూ?" అని అడిగింది ఉదిత.

అడిగిందే తడవుగా జవాబిచ్చే అలవాటు కోదండపాణి గారికి లేదు. కాకినాడ జగన్నాథపురంలో, ఒక సైకిలు షాపు మేడమీద అద్దెకు తీసుకున్న పొడవాటి గదిలో ఆయన చాలా ఏళ్ళు చదరంగం నేర్పారు. కాలం మారి, వచ్చేవాళ్ళు చదరంగం బల్ల వైపు చూడటం మానేసి కంప్యూటరు మీద ఆడే యుద్ధాల గురించి అడగసాగితే, ఆ వయసులో తానే ముందు శిష్యుడిగా కూర్చుని 'నవఖండం' అనే ఆట నేర్చుకున్నారు. ఇప్పుడు దాన్నే నేర్పుతున్నారు. "ఎత్తులు రెంటిలోనూ ఉన్నాయి. కాని చదరంగంలో బంటుకి పేరుండదు. ఇందులో ఉంటుంది. చిక్కంతా అక్కడే," అనేవారు.

ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. అది రాక్షసులూ, యక్షులూ, మంత్రాలూ ఉన్న లోకం. చేతి వేగంతో అక్కడ పనిలేదు. ఒక పక్షం తన దండునంతా కదిపి, వంతు ముగిసిందని చెప్పేదాకా రెండో పక్షం ఒక్క అడుగు వెయ్యదు. మన సైనికులకు మనం పేర్లు పెట్టుకోవచ్చు. కాని పడిపోయినవాడు మళ్ళీ లేవడు. ఒంటరిగా కంప్యూటరుతో ఆడేటప్పుడు మాత్రం, ఆ ఆటను వదిలేసి మొదటినుంచి ఆడుకోవచ్చు. అప్పుడు పడినవాడు మళ్ళీ కొత్త కవచంతో, ఏ గాయమూ లేకుండా కోట గుమ్మంలో నిలబడి ఉంటాడు.

ఉదిత అలాగే ఆడుతోంది. ఆమె దళపతి పేరు శ్రీవత్స. అది ఆమె అన్న పేరు. పోయిన వానాకాలంలో సామర్లకోట రోడ్డు మీద లారీ ప్రమాదంలో అతను చనిపోయాడు. అతనూ ఈ మేడమీదే ఆట నేర్చుకున్నాడు. సంవత్సరీకాలు కాకముందే చెల్లెలు వచ్చి అతను కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటానంటే, కోదండపాణి గారు కాదనలేకపోయారు.

ఆట తొలి ఘట్టం ఇది: కోట తగలబడిపోతుంది. దళపతి, మిగిలిన కొద్దిమందినీ వెంటబెట్టుకుని ఏరు దాటాలి. అడవిలోంచి రాక్షసులు వస్తారు. వాళ్ళ గురి ఎప్పుడూ దళపతి మీదే. అతన్ని ముందు నిలిపితే పడిపోతాడు, వెనక దాస్తే మిగతావాళ్ళు నశించి, చివరికి అతనూ పడిపోతాడు. ఉదిత తెలివైన పిల్ల. రకరకాలుగా ప్రయత్నించింది. శ్రీవత్స ఒంట్లో బాణం దిగగానే ఆమె పెదవులు బిగుసుకునేవి. అతను మోకాలి మీద కూలగానే ఆట చెరిపేసేది. నెలల తరబడి ఆమె ఏటి ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. తప్పేమిటని అడిగింది అందుకే.

మాస్టారు లేచి వెళ్ళి ఎదుటి కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"ఇవాళ రాక్షసుల పక్షం నేనాడతాను. నీ దళపతి పేరు మార్చుకుంటావా?"

"లేదండీ," అంది ఉదిత.

ఇద్దరు ఎదురెదురుగా ఆడేటప్పుడు ఆటను చెరిపేసే వీలుండదు. అది ఇద్దరికీ తెలుసు.

ఆమె జాగ్రత్తగానే ఆడింది. శ్రీవత్సను ఏటి మీది వంతెన మొదట్లో, ఇరుకైన చోట నిలబెట్టింది. ఇద్దరు విలుకాళ్ళనూ, కాగడా పట్టేవాణ్ణీ, మూలికలు తెలిసిన ముసలమ్మనూ ఒడ్డు వెంబడి కాస్త ఎడంగా ఉంచింది. మాస్టారు కనికరం చూపలేదు. గదాధారుల్ని తోలారు, ఆ వెనక శూలాలవాళ్ళని, ఆ వెనక అడవిలో మిగిలినవాళ్ళని కూడా. శ్రీవత్స చాలాసేపు నిలిచాడు. అతనికి ఇక ఒక్క దెబ్బ చాలనగా కోదండపాణి గారి చెయ్యి మౌస్ మీద ఆగింది. కొంతసేపు అలాగే ఉండి, ఆయన ఆ దెబ్బ వేశారు. దళపతి వంతెన మీద కూలిపోయాడు.

"వంతు ముగిసింది," అన్నారు ఆయన.

ఉదిత చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కింద షాపులో ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

"ఇంక నేనాడలేనండీ. మీరే గెలిచారు."

"నేనింకా గెలవలేదు. వంతు నీది."

"అన్నయ్యకి ఆట నేర్పింది మీరు. ఇప్పుడు మీ చేత్తోనే…"

"అవునమ్మా. నా చేత్తోనే." ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకోలేదు. "నువ్వు కదిలేదాకా వీళ్ళు కదలరు. నిన్ను తొందరపెట్టను. పొద్దుగూకినా కూర్చుంటాను."

ఆమె ఏడ్చింది. అన్న పోయిననాడు ఇంటినిండా జనం ఉండి, అమ్మను పట్టుకోవాల్సి వచ్చి ఏడవలేకపోయిందట. తర్వాత ఈ సంగతంతా నాతో చెబుతూ ఆమే అంది ఆ మాట. మాస్టారు ఓదార్చలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. చేతులు కట్టుకుని కూర్చున్నారు.

చాలాసేపటికి ఆమె తలెత్తి తెర వైపు చూసింది. విలుకాళ్ళిద్దరూ తను నిలబెట్టిన చోటే ఉన్నారు. కాగడా గాలికి ఊగుతోంది. ముసలమ్మ మూట నెత్తిన పెట్టుకుని, ఎటు వెళ్ళమంటారో అన్నట్టు నిలబడి ఉంది. ఇన్నిసార్లు ఆడినా, దళపతి కూలిన తర్వాత వీళ్ళు ఏమవుతారో ఉదిత ఏనాడూ చూడలేదు. వాళ్ళని అలా వదిలేసి వెళ్ళిపోయేదాన్నా అనుకుంది. ఆమెకు సిగ్గనిపించింది.

కుర్చీ ముందుకు జరుపుకుంది. రాక్షసుల దండంతా శ్రీవత్సను కూల్చడానికి వంతెన దగ్గరికి చేరిపోయింది. అడవి అంచు ఖాళీగా ఉంది. ఎగువన ఏరు దాటే రేవు ఉంది. లోతు ఎక్కువే, కాని కాపలా లేదు. ఆమె కాగడావాణ్ణి వంతెన మీదికి పంపి రాక్షసులు దాటకుండా కొయ్యలకు నిప్పు పెట్టించింది. మిగిలినవాళ్ళని రేవు వైపు నడిపింది.

"వంతు ముగిసిందండీ."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత కూడా ఆయన జాలి చూపలేదని ఉదిత చెప్పింది. శూలాలవాళ్ళు ఒడ్డు వెంబడి తరుముకొచ్చారు. కాగడావాడు తిరిగి రాలేకపోయాడు. విలుకాళ్ళలో ఒకడు నడి ఏట్లో కొట్టుకుపోయాడు. అలవాటుగా ఆమె చెయ్యి ఆట చెరిపే మీట ఉండే మూలకి వెళ్ళింది కూడా. కాని అక్కడ ఆగలేదు. ముసలమ్మ చేత మూలికల పొగ వేయించి, ఆ చాటున రెండోవాణ్ణి దాటించింది. ఆఖరున ముసలమ్మ తడిసిన మూటతో ఒడ్డెక్కింది. శూలాలవాళ్ళు నీళ్ళ అంచున ఆగిపోయారు. రాక్షసులు ఏట్లోకి దిగరు.

దండు అంటే ఇప్పుడు ఇద్దరే. వాళ్ళు రెండడుగులు ముందుకు వేశారు. అవతల తెరంతా ఇన్నాళ్ళూ తెల్లటి మంచుతో మూసుకుపోయి ఉండేది. వాళ్ళు నడిచిన మేరకు అది విడివడింది. ముందు ఒక గుట్ట, గుట్ట కింద జొన్న చేలు, చేల నడుమ ఊరు కనిపించాయి. ఆ ఊరి ముఖద్వారంలోంచి ఎవరో దీపం పట్టుకుని ఎదురొస్తున్నారు. దూరంగా ఇంకొక నది, దాని మీద తెరచాపలు.

ఉదిత కన్నీళ్ళు ఇంకా ఆరలేదు.

"ఇంత దేశం ఉందా మాస్టారూ, ఇక్కడ?" అంది.

కోదండపాణి గారు తన కంప్యూటరు కట్టేసి, కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"ముందునుంచీ ఉందమ్మా," అన్నారు.