ఇసుక అంచున ఓబుళక్క

దగ్గరికి జరగండి, పిల్లలూ పెద్దలూ. మీ తాతకు తాత ఉయ్యాలలో ఉన్ననాటి సంగతి ఇది.

అప్పట్లో ఒక సీమలో ఎర్ర ఇసుక ఉండేది. దాన్ని దాటాలంటే ఒక పగలంతా నడిచి, నడుమ ఉన్న బావి దగ్గర రాత్రి ఆగి, మళ్లీ మిట్టమధ్యాహ్నం దాకా నడవాలి. ఆ ఇసుక అంచున ఓబుళక్క చలివేంద్రం ఉండేది. నాలుగు గుంజలు, బోదగడ్డి కప్పు, మూడు కుండలు.

ఓబుళక్కకు పెళ్లయిన ఏడాదే మొగుడు ఆ ఇసుకలోకి పోయినాడు. ఏ దారిన పోతున్నాడో చెప్పలేదు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు. వెతకడానికి ఎటు పోవాలో ఎవరికీ తెలియలేదు. అంతే, ఇక రాలేదు. ఆనాటి నుంచి ఆమె ఇసుక అంచు దాటి ఒక్క అడుగు వేయలేదు.

కానీ ఇసుకలోంచి వచ్చినవాళ్లను ఊరికే పోనిచ్చేది కాదు. నీళ్లు పోస్తూ అడిగేది. ఏ దిబ్బ ఎటు జరిగింది? ఏ బావిలో నీళ్లున్నాయి? వాళ్లు చెప్పింది వింటూ వాకిట్లో ఇసుక పోసి, దిబ్బలు చేసి, రాళ్లు పెట్టేది. ఇసుకలోకి పోయేవాళ్లు ఆ వాకిలి చూసుకుని దారి నేర్చుకునేవాళ్లు. వాళ్లను ఆమె మూడు మాటలు అడిగేది.

"ఎందరు పోతున్నారు? నీళ్లెన్ని? ఏ పొద్దుకు చేరతారు?"

అవతలికి చేరినవాళ్లు అక్కడ ఎత్తుగా ఉన్న బోడిగుట్ట మీద కంప తగలబెట్టేవాళ్లు. ఆ పొగ చూసి ఓబుళక్క ఊపిరి పీల్చుకునేది.

ఒక ఎండాకాలం తెల్లవారుజామున పెళ్లివారు వచ్చారు. పెద్దమనిషి పేరు కంబయ్య. తమ్ముడి కొడుక్కి పెళ్లి చేసి, కొత్తకోడలు సుంకిని తీసుకుని పోతున్నాడు.

"ఎందరు పోతున్నారు?" అంది ఓబుళక్క.

"పదకొండు మంది."

"నీళ్లెన్ని?"

"మూడు తోలుతిత్తులు. నడిమి బావిలో నింపుకుంటాం."

ఓబుళక్క చేతిలో చెంబు ఆగిపోయింది. "నాయనా, నడిమి బావి కూలిపోయింది. ఉప్పు గాడిదల తిప్పన్న మొన్ననే చూసి వచ్చినాడు. ఆరు తిత్తులు లేనిదే కదలొద్దు. ఈ పూట ఆగండి, నా తిత్తులు నింపి ఇస్తాను."

కంబయ్య నవ్వినాడు. "ఆ ఇసుకలో నువ్వెప్పుడైనా అడుగు పెట్టినావా?"

"లేదు నాయనా."

"మా నాయన ఇరవైసార్లు దాటినాడు. పెళ్లికూతురు ఈ అమావాస్య లోపల గడప తొక్కాలి. లేవండి, లేవండి!"

"ఏ పొద్దుకు చేరతారో అదైనా చెప్పిపో!"

కంబయ్య వెనక్కి తిరగలేదు. సుంకి మాత్రం ఆగింది. కొంగు పట్టుకుని మెల్లగా చెప్పింది. "రేపు మిట్టమధ్యాహ్నానికి, అక్కా."

మరునాడు మిట్టమధ్యాహ్నమైంది. ఓబుళక్క బోడిగుట్ట వైపు చూసింది. పొగ లేదు.

నీడ మూరెడు సాగింది. చూసింది. పొగ లేదు.

నీడ బారెడు సాగింది. చూసింది. పొగ లేదు.

ఓబుళక్క లేచింది. తిప్పన్న ఉప్పు దించుతుంటే రెండు గాడిదల్ని అడిగి తీసుకుంది. ఆరు తిత్తులు నింపింది. "నేను పోతా అక్కా, నీకు దారి తెలీదు," అన్నాడు తిప్పన్న.

"నీకు నువ్వు నడిచిన దారే తెలుసు. ఈ ఇసుక దాటిన అందరి దారులూ నాకు తెలుసు. రేపు పొద్దుగూకేసరికి వస్తా. రాకుంటే అప్పుడు రా."

ఇసుక అంచుకు వచ్చింది. కళ్లు మూసుకుని అడుగు వేసింది.

వాకిట్లో చేసుకున్న గుర్తుల ప్రకారం ముందు ఏనుగు దిబ్బ రావాలి. వచ్చింది. ఒంటి తుమ్మ రావాలి. వచ్చింది. చుక్కల వెలుగున నడిచి అక్కడికి చేరేసరికి నడిరేయి దాటింది; గాడిదల్ని కట్టేసి కూర్చుంది. వెలుగు రాగానే నడిచింది. ఇక తెల్లబండ రావాలి.

తెల్లబండ లేదు.

చుట్టూ ఇసుకే. ఎటు చూసినా ఒకటే ఎరుపు. ఓబుళక్క గొంతు ఎండిపోయింది. దారి తప్పానా? వాకిట్లో పెట్టిన రాళ్లన్నీ తప్పేనా? తిత్తి మీద చెయ్యి పడింది, తీసేసింది. అవి పదకొండు మంది నీళ్లు.

ఇసుకలో కూలబడి ఒక్కొక్కరినీ తలుచుకుంది. ఏటా వచ్చినవాళ్లంతా ఏమన్నారు? తెల్లబండ పక్కనున్న దిబ్బ తూర్పుకు జరిగింది, ఇంకా జరిగింది, ఇంకా జరిగింది. అయితే బండ ఎక్కడికీ పోలేదు. దిబ్బే దాని మీదికి వచ్చింది!

దిబ్బ ఎక్కి కర్ర గుచ్చింది. ఇసుక. మరోచోట గుచ్చింది. ఇసుక. మూడోచోట బలంకొద్దీ గుచ్చింది. టక్కుమంది.

ఆ బండ నుంచి కుడిచేతి వైపు సూటిగా నడిచింది. పొద్దు బారెడెక్కేసరికి నడిమి బావి కనిపించింది. కూలిన గోడ నీడలో పెళ్లివారు పడి ఉన్నారు. కంబయ్య ఒక్కడే గోళ్లు ఊడిన వేళ్లతో ఇంకా ఇసుక తోడుతున్నాడు. సుంకి కళ్లు తెరవడం లేదు.

ఓబుళక్క సుంకి పెదవులు తడిపింది. ఒకసారి తడిపింది. రెండోసారి తడిపింది. మూడోసారికి ఆ పిల్ల గుటక వేసింది.

అందరూ తాగాక కంబయ్య దోసిలి పట్టినాడు. తల ఎత్తలేదు. "ఎన్నడూ అడుగు పెట్టలేదంటివే అక్కా. ఎట్లా వచ్చినావు?"

"వచ్చినోళ్లందరూ చెప్పినారు నాయనా. నేను విన్నాను."

"మేమిక్కడ ఉన్నామని ఎట్లా తెలిసింది?"

"నీ కోడలు పొద్దు చెప్పింది. ఆ పొద్దు దాటిపోయింది."

పదకొండు మందినీ నడిపించుకుని పొద్దుగూకే వేళకు ఇవతలికి చేరింది. తిప్పన్న అప్పటికే తిత్తులు భుజాన వేసుకుని ఇసుకలో దిగి ఉన్నాడు.

ఆ ఎండకు, ఆ ఇసుక గాలికి ఓబుళక్క చూపు పోయింది. ఆ తర్వాత బాటసారులే వాకిట్లో రాళ్లు జరిపేవాళ్లు, ఆమె వేళ్లతో తడిమి చూసేది. పొగ చూసి చెప్పడానికి కంబయ్య వచ్చి అక్కడే ఉండిపోయినాడు. మూడేళ్లకు ఓబుళక్క కన్నుమూసింది. ఇసుకకు రెండు వైపుల జనం వచ్చి ఆమెను మోశారు.

ఆ సీమలో ఇప్పటికీ గడప దాటేవాళ్లను అడుగుతారు, బండెక్కినా, బస్సెక్కినా. "అక్కకు చెప్పినావా?" అంటారు. పోయేవాళ్లు వాకిట్లో ఎవరుంటే వాళ్లకే, ఏ పొద్దుకు చేరతారో చెప్పిపోతారు. ఆ పొద్దు దాటినా కబురు రాకుంటే, విన్నవాళ్లు మారుమాట లేకుండా లేచి చెప్పులు తొడుక్కుంటారు.