సెలవు పెట్టని నక్క

ఎర్రకొండ అడవిలో వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. జంతువులన్నీ ఏనుగు తాత మాట విని, ముందే కొండగుహలో బుట్టలకొద్దీ జొన్నలు దాచుకున్నాయి. నక్క గింజ ముట్టదు కదా అని కాపలా, రోజూ అందరికీ గింజల కొలత రెండూ దానికే అప్పజెప్పాయి. నక్క ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జ్వరమొచ్చినా గుహ వదల్లేదు. ఎంత నిష్ఠో అని అందరూ మెచ్చుకునేవాళ్లు.

ఎండలు ముదిరాక ఏనుగు తాత కొత్త కట్టుబాటు పెట్టాడు. ఎవరైనా సరే, ఏడాదికి మూడు రోజులు తమ పని ఇంకొకరికి వదిలి విశ్రాంతి తీసుకోవాలి. నక్క ఎంతో బతిమాలింది. తాత వినలేదు. దాని చోట కుందేలు పోలమ్మని కూర్చోబెట్టాడు.

వెళ్లేముందు నక్క పోలమ్మ చెవిలో మెల్లగా చెప్పింది. "వెనక వరసలో నాగుపాముంది వదినా. ముందు బుట్టల్లోంచే కొలువు. పిల్లలున్నదానివి."

పోలమ్మ గుహ గడపలోనే ముడుచుకు కూర్చుంది. లోపల ఆకు కదిలినా గుండె ఝల్లుమనేది. రెండో రోజుకి ముందు వరస అయిపోయింది. బయట లేడి తన కూనతో నిలబడి ఉంది. కూన డొక్కలు లెక్కపెట్టొచ్చు. లేదనలేక పోలమ్మ కళ్లు మూసుకుని వెనక బుట్టలో చెయ్యి పెట్టింది.

పాము తగల్లేదు. పైన గుప్పెడు జొన్నలు, కింద ఇసుక.

పాము కంటే పెద్ద భయం అప్పుడేసింది. గుహలో ఉన్నది తనే. తిన్నది నువ్వేనంటే ఏం చెప్పాలి? మూత పెట్టేసి, ఎల్లుండి నక్కకి అప్పజెప్పి పోదామనిపించింది. చెయ్యి మూత దాకా వెళ్లింది కూడా. బయట కూన సన్నగా అరిచింది.

పోలమ్మ వణుకుతూనే బయటికొచ్చి, లేడితో "ఏనుగు తాతనీ దున్న మావనీ పిలుచుకురా. వాళ్లు చూస్తుంటే తప్ప రెండో బుట్ట తెరవను" అంది.

అందరి ముందూ తెరిస్తే, వెనక వరసలోని ఇరవై బుట్టల్లో మూడింట్లోనే జొన్నలున్నాయి. మిగతావన్నీ పైన పటారం, లోన లొటారం. కబురందుకుని పరుగున వచ్చిన నక్క, తిన్నది పోలమ్మేనంది.

"రెండు రోజుల్లో ఒక కుందేలు పదిహేడు బుట్టలు తిన్నదా?" అన్నాడు దున్న.

నక్క వెనక్కి జారుకోబోయింది. దున్న కొమ్ములు వంచాక నిజం కక్కింది. ఆ జొన్నలు వాగవతల చల్లి, ఏరుకోడానికి దిగిన కౌజు పిట్టల్ని రెండేళ్లుగా పట్టి తింటోందట. దాన్ని అడవి దాటించారు.

వానలకి ఇంకా రెండు నెలలుంది. అందరికీ సగం కొలతే అన్నాడు తాత. దున్న చూస్తుండగా పోలమ్మ కొలిచింది.

కాపలా, కొలత ఒక్క చేతిలోనే పెడితే దొంగ హాయిగా ఉంటాడు, మంచివాడు వణుకుతాడు.